మేడమీద గదిలో ల్యాప్‌టాప్‌కి వైఫై అందట్లేదు, ఏ కార్డు వేయించుకోమంటారు?

#1 గోదారిగట్టు (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారమండి. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. డాబా ఇల్లు. కింద అమ్మానాన్న, మేడమీద ఒక్క గది. అదే నా ఆఫీసు. ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాను. రూటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంటుంది. మేడమీద మొబైల్‌కి ఫర్వాలేదు, ల్యాప్‌టాప్‌తోనే చచ్చే చావు. మీటింగులో మా లీడ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతాడు. "వినపడుతోందా సార్" అని నేను, "నువ్వే వినపడట్లేదయ్యా" అని ఆయన. నిన్న క్లయింట్ కాల్ మెట్ల మీద కూర్చుని కానిచ్చాను, పక్కనే అమ్మ ఆరబెట్టిన వడియాలు.

ల్యాప్‌టాప్ 2019లో కొన్నది, 15.6 అంగుళాలు, ఐ5 8వ తరం. డివైస్ మేనేజర్‌లో వైఫై దగ్గర రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723డీఈ అని ఉంది. ఊళ్లో రిపేరు చేసే ఆయన్ని అడిగితే "మిషన్ పాతబడింది, కొత్తది తీసుకోండి" అంటున్నాడు. మిగతా అంతా బాగానే ఉంది, ఒక్క వైఫై కోసం యాభై వేలు ఎక్కడ పెడతామండి? లోపలి కార్డు మారిస్తే సిగ్నల్ పెరుగుతుందా? పెరిగితే ఏది కొనాలి? రెండున్నర వేల దాకా పెట్టగలను.

#2 మిరపకాయ (9:52)

ఇంటెల్ ఏఎక్స్210 కార్డు కొను, పెట్టు, మర్చిపో. టాపిక్ క్లోజ్. నేను వేసుకుని ఏడాదైంది, కింద పార్కింగ్‌లో కూడా లాగుతోంది.

#3 సర్వీస్‌బల్ల (10:20)

మిరపకాయ తమ్ముడూ, మందు రాసే ముందు నాడి చూడాలి కదా.

నేను సికింద్రాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పుతున్నాను. "కార్డు మార్చన్నా" అని వచ్చేవాళ్లలో చాలామందికి కార్డు బాగానే ఉంటుంది. ఎప్పుడో హింజ్ విరిగితే ఎక్కడో చేయించుకుని ఉంటారు. బిగించినప్పుడు యాంటెన్నా వైరు ఏ స్క్రూ కిందో నలిగిపోతుంది, లేదా సాకెట్‌లోంచి ఊడిపోయి పక్కన పడుంటుంది. ల్యాప్‌టాప్ యాంటెన్నాలు ఎక్కువగా స్క్రీన్ పైఅంచులో ఉంటాయి. అక్కణ్ణుంచి వైరు హింజ్ పక్కగా కిందికి దిగుతుంది. మూత తెరిచి మూసినప్పుడల్లా ఆ మలుపు దగ్గరే దానికి దెబ్బ.

గోదారిగట్టు గారూ, రూపాయి ఖర్చు పెట్టక ముందు ఒక పని చేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్" అని కొట్టండి. ఇంగ్లిషులోనే కొట్టాలి సుమా, ఇక్కడ తెలుగులో రాయాలన్నది మన అడ్మిన్ గారి నియమం కాబట్టి ఇలా రాశాను. రేడియో టైప్, చానల్, రిసీవ్ రేట్, ట్రాన్స్‌మిట్ రేట్, సిగ్నల్ అని వరసగా వస్తాయి. ఒకసారి రూటర్ పక్కన, ఒకసారి మేడమీద మీ బల్ల దగ్గర చూసి రెండూ ఇక్కడ పెట్టండి. మిషన్ ఎప్పుడైనా విప్పించారా?

#4 గోదారిగట్టు (ఆదివారం, ఉదయం 8:15)

విప్పించలేదండి, కొన్నప్పటి సీలే.

రూటర్ పక్కన: సిగ్నల్ 98 శాతం, రేడియో 802.11ఎన్, చానల్ 6, రిసీవ్ 72. స్పీడ్ టెస్ట్ పెడితే 38 వచ్చింది.

మేడమీద బల్ల దగ్గర: సిగ్నల్ 34 శాతం, రిసీవ్ 13, ట్రాన్స్‌మిట్ 6.5. స్పీడ్ టెస్ట్ 4. రెండోసారి అసలు మొదలవ్వనే లేదు.

ఇంకో సంగతి. రూటర్‌కి రెండు పేర్లున్నాయి, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. మొబైల్‌లో రెండూ కనపడతాయి. ల్యాప్‌టాప్‌లో ఆ 5జీ పేరు రూటర్ నెత్తిన కూర్చున్నా కనపడదు. దానికి 5జీ సిమ్ ఏమైనా కావాలాండి?

#5 మిరపకాయ (8:31)

సిమ్మా! అన్నా, పొద్దున్నే కాఫీ ముక్కులోంచి వచ్చింది.

#6 టవర్‌తాతయ్య (9:05)

నవ్వకు నాయనా, ఆ పేరు పెట్టినవాళ్లది తప్పు. రూటర్ మీద 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్ బ్యాండు. మొబైల్ 5జీకీ దానికీ చుట్టరికం లేదు.

టెలికాంలో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టండి.

బాబూ, మీ అంకెల్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి, మీరు రెంటినీ కలిపి ఒకటే అనుకుంటున్నారు. మొదటిది కిందే కనిపిస్తోంది. 98 శాతం సిగ్నల్ ఉండి కూడా 100 ప్లానులో 38 దాటలేదు. ఎందుకంటే మీ కార్డు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పట్టగలదు, అందులోనూ ఒకటే ధార, అంటే డేటా పోయే దారి ఒక్కటే. దీన్నే 1x1 అంటారు. 20 మెగాహెర్ట్జ్ చానల్లో దాని గరిష్ఠం 72 ఎంబీపీఎస్. గాలిలో పోయే ఆ 72లో చేతికి సగం దక్కితే గొప్ప. ఇది కార్డు తప్పు కాదు, దాన్ని ఆ ధరకి, ఆ పనికే చేశారు. ఈ జబ్బుకి కార్డు మార్చడమే మందు.

రెండోది మేడమీద జబ్బు. విండోస్ చూపించే శాతాన్ని సగం చేసి, అందులోంచి 100 తీసేస్తే సుమారుగా డీబీఎం, అంటే సిగ్నల్ బలం కొలిచే లెక్క, వస్తుంది. 34లో సగం 17, అంటే మైనస్ 83. మైనస్ 65 దగ్గర వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75కి ఈడుస్తుంది. మైనస్ 83 అంటే ఊపిరి కొట్టుకుంటోందని లెక్క. 10 డీబీ తగ్గితే శక్తి పదో వంతు అయినట్టు. మీకు కావలసిన చోటికీ ఉన్న చోటికీ 18 డీబీ తేడా ఉంది, అంటే అరవై రెట్ల పైమాటే. ఏ కార్డూ ఆ అరవై రెట్లు తెచ్చిపెట్టదు. మంచి కార్డు, రెండు యాంటెన్నాలు కలిస్తే మూడు నాలుగు డీబీ కలిసిరావచ్చు, అంతే.

మరి అంతా ఎక్కడ పోతోంది? స్లాబులో. అందులో ఇనుప చువ్వల వల ఉంటుంది. ఇంకా ఏం అడ్డున్నాయో మీరు చెప్పాలి. రూటర్ చుట్టుపక్కల ఏమేం ఉన్నాయి? దాని యాంటెన్నాలు ఎటు నిలబెట్టారు?

#7 గోదారిగట్టు (9:48)

తాతయ్య గారూ, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదండి. రూటర్ టీవీ స్టాండు మీద ఉంది. దాని వెనక గోడ. కుడి పక్క అమ్మ బీరువా. ఇనుప బీరువాయే, పెళ్లినాటిది. యాంటెన్నాలు నాలుగూ నిటారుగా సైనికుల్లా నిలబెట్టాను, అలాగైతే బాగా వస్తుందని ఎవరో చెప్పారు. నా గది సరిగ్గా హాలు నెత్తిన.

#8 టవర్‌తాతయ్య (10:10)

అదీ సంగతి. కర్ర యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది. గారె చిల్లులోంచి కర్ర నిలబెట్టినట్టు ఊహించుకోండి. పక్కలకి దండిగా పోతుంది, కర్ర కొన నుంచి నేరుగా పైకి చాలా తక్కువ. మీ గది సరిగ్గా గారె చిల్లు మీదుంది. నాలుగింటిలో రెంటిని పడుకోబెట్టండి, డబ్బు ఖర్చు లేదు. బీరువా నుంచి రూటర్‌ని జరపండి. ఇనప రేకు సిగ్నల్‌కి గోడ కాదు, అద్దం. వచ్చింది వచ్చినట్టు వెనక్కి కొడుతుంది.

#9 మిరపకాయ (11:30)

సరే, సారీ అన్నా. కానీ కార్డు ఎలాగూ మార్చాలి కదా. ఆన్‌లైన్‌లో చూస్తే ఏఎక్స్210 కంటే ఏఎక్స్201 మూడు నాలుగు వందలు తక్కువకి కనిపిస్తోంది. రెండూ వైఫై 6 రకాలే, ఆకారమూ ఒకటే. మా ఫ్రెండ్ కోసం 201 కార్ట్‌లో పెట్టాను. వాడి ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఏఎండీ రైజెన్.

#10 సర్వీస్‌బల్ల (11:41)

ఆగు, ఆగు, డబ్బు కట్టకు!

ఈ గొయ్యిలో పడేవాళ్లు రోజూ వస్తారు నా దగ్గరికి. 201, 211, పాత 9462, 9560, ఇవన్నీ సీఎన్‌వీఐ జాతి. చూడ్డానికి పూర్తి కార్డులాగే ఉంటాయి గానీ, లోపల సగం బుర్రే ఉంటుంది. మిగతా సగం ఇంటెల్ ప్రాసెసర్ పక్కన ఉండే చిప్‌సెట్‌లో ఉంటుంది. దానికి తగ్గ ఇంటెల్ బోర్డు ఉంటేనే పనిచేస్తుంది. ఏఎండీ మిషన్‌లో పెడితే స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, డివైస్ మేనేజర్‌లో మాత్రం పేరు కూడా రాదు. కార్డు పాడైందని వెనక్కి పంపేస్తారు పాపం.

ఏఎక్స్200, ఏఎక్స్210 మాత్రం పూర్తి కార్డులు, మామూలు పీసీఐఈ (కార్డునీ బోర్డునీ కలిపే దారి) మీద నడుస్తాయి. ఇంటెల్ అయినా ఏఎండీ అయినా పట్టించుకోవు. మీ ఫ్రెండ్‌కి 210 గానీ మీడియాటెక్ ఎంటీ7921 గానీ తీసుకోమను. ఒక్క అంకె తేడా, జాగ్రత్త.

గోదారిగట్టు గారూ, మీకూ 210 సరిపోతుంది. సైజు 2230 అని ఉండాలి, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు, పోస్టేజీ స్టాంపంత. కొనే ముందు వెనక మూత ఒకసారి విప్పి చూడండి. మూడు సంగతులు కావాలి. కార్డు స్లాట్‌లో ఉందా, బోర్డుకే అతికించేశారా? సన్నటి మిషన్లలో అతికించేవి చాలా వస్తున్నాయి, వాటికి ఇక మార్పు లేదు. రెండు, యాంటెన్నా వైర్లు ఎన్ని. మూడు, అవి ఎటు నుంచి వస్తున్నాయి. విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టర్ తీసెయ్యండి, తర్వాతే ఇంకేదైనా.

#11 మిరపకాయ (11:44)

కార్ట్ ఖాళీ చేశా. సర్వీస్‌బల్ల అన్నా, నీకు ఒక బిర్యానీ బాకీ.

#12 పెంగ్విన్‌పంతులు (మధ్యాహ్నం 1:15)

లైనక్స్ వాళ్ల తరఫున రెండు ముక్కలు. ఏఎక్స్210కి కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) 5.10 లేదా ఆ పైది ఉంటే చాలు, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ తాజాగా ఉంచుకోండి. ఎంటీ7921 పీసీఐఈ కార్డుకి 5.12 నుంచి, దాని యూఎస్‌బీ తమ్ముడికి 5.18 నుంచి డ్రైవర్ కెర్నల్లోనే ఉంది. కాలేజీ పిల్లలు మాత్రం డబ్బా మీద "లైనక్స్ సపోర్ట్" అని చూసి యూఎస్‌బీ అడాప్టర్లు కొనేసి నా దగ్గరికి వస్తారు. తీరా చూస్తే ఆ సపోర్ట్ ఏదో పాత కెర్నల్ కోసం ఇచ్చిన జిప్ ఫైలు. కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేసుకోవాలి. సెమిస్టర్ పరీక్షల ముందురోజు రాత్రి అప్‌డేట్ అయిపోయిన కుర్రాడి కథ ఇంకోసారి చెబుతాను.

#13 లక్ష్మి_సిద్దిపేట (3:20)

నేను టీచర్‌ని, మిషన్ విప్పడం నాతోని కాదు. ఆన్‌లైన్ క్లాసులప్పుడు నాకూ ఇదే తిప్పలు. గోరంత యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి కొన్న, ల్యాప్‌టాప్‌కి గుచ్చితే కనపడనంత చిన్నది. ముద్దుగుంది గానీ సిగ్నల్ పాతదాని కన్నా కొంచెం తక్కువనే వచ్చింది! తర్వాత మా తమ్ముడు పొడుగు యాంటెన్నా ఉన్నది తెచ్చిండు, టీపీ-లింక్ టీ2యూ ప్లస్. దాన్ని నేరుగా గుచ్చకుండా మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుకి తగిలించి కిటికీ దగ్గర మేకుకి వేలాడదీసిండు. అప్పటి నుంచి క్లాసు ఆగలేదు. చూసేవాళ్లు ఏదో మంత్రం తాయెత్తు అనుకుంటరు, అంతే.

విప్పుడు భయమున్న వాళ్లకు ఇది చాలని నా అభిప్రాయం.

#14 టవర్‌తాతయ్య (3:55)

లక్ష్మి గారూ, మీ తమ్ముడు తెలివైనవాడమ్మా. ఆ మేకే అసలు కీలకం. గోరంత దాంట్లో యాంటెన్నా కూడా గోరంతే, పైగా ల్యాప్‌టాప్ ఇనుముకి అతుక్కుని కూర్చుంటుంది. వైరు కట్టి దూరం తీసుకెళ్తే యాంటెన్నాకి గాలి ఆడుతుంది, నాలుగడుగులు అటూ ఇటూ జరిపి మంచి చోటు వెతుక్కోవచ్చు. ల్యాప్‌టాప్ లోపలి కార్డుకి ఆ సౌకర్యం లేదు.

ఇంకొకటి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రొద చేస్తాయి. ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద ఒక పత్రం వేశారు. 2.4లో వైఫై వాడేవాళ్లు బయటి హార్డ్ డిస్కుని పక్కనే పెట్టుకోకండి. అడాప్టర్ వేలాడదీయడం దీనికీ మంచిదే.

#15 డాలస్‌బాబాయ్ (సాయంత్రం 6:40)

అందరూ 210 అంటున్నారు, ఏకంగా వైఫై 7 కార్డు, ఇంటెల్ బీఈ200కి పోవచ్చు కదా? నేను ఇక్కడ 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో వాడుతున్నాను, వెన్నలా ఉంది. పక్కింటివాళ్ల గోల ఒక్కటీ లేదు.

#16 టవర్‌తాతయ్య (7:02)

బాబాయ్, మీ దగ్గర ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) 2020 ఏప్రిల్‌లోనే 5925 నుంచి 7125 మెగాహెర్ట్జ్ దాకా తెరిచేసింది. మన దగ్గర కింది భాగం, 5925 నుంచి 6425 దాకా లైసెన్సు అక్కర్లేకుండా వదలడానికి 2025 మేలో ముసాయిదా వచ్చింది, 2026 జనవరిలో అది ఖరారైంది. అదంతా అలా ఉంచండి, ఈ అబ్బాయి రూటర్‌లో 6 గిగా లేనే లేదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ స్లాబు ఇంకా ఎక్కువ మింగుతుంది. డాలస్‌లో మీవి చెక్క గోడలు, జిప్సం పలకలు. ఇక్కడ అయిదంగుళాల కాంక్రీటు.

#17 సర్వీస్‌బల్ల (7:10)

దానికి తోడు బీఈ200 చాలా ఏఎండీ మిషన్లలో కనపడట్లేదు. వైఫై 7 సంగతులన్నీ రావాలంటే విండోస్ 11లోనూ 24హెచ్2 వెర్షన్ కావాలి. 2019 మిషన్‌కి అది అల్లుడికి పెట్టే పీటలాంటిది, కూర్చునేవాళ్లు ఎవరూ లేరు.

#18 పాతబంగారం (సోమవారం, ఉదయం 7:30)

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నాది 2012 ల్యాప్‌టాప్. కార్డు మారిస్తే ఆన్ చేయగానే 1802 అని ఏదో చూపించి ఆగిపోతోంది. పాతది పెడితే మామూలే.

#19 సర్వీస్‌బల్ల (9:15)

వైట్‌లిస్ట్ అండి. ఆ కాలం మోడళ్లు కొన్నిటిలో బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) తన జాబితాలో ఉన్న కార్డు తప్ప ఇంకేదీ రానివ్వదు. బయోస్ మార్చమని సలహాలొస్తాయి, వద్దు, బోర్డు పోతే మొదటికే మోసం. మీ మోడల్‌కి కంపెనీ వాళ్లే వేసిన రెండు బ్యాండ్ల కార్డు ఏదైనా ఉంటే పార్ట్ నంబరుతో సహా అదే పాతది వెతకండి, లేకపోతే లక్ష్మి మేడం తాయెత్తే శరణ్యం. పైగా 2012వి మినీ పీసీఐఈ కార్డులు, యాంటెన్నా వైరు చివరి బొత్తాలు (కనెక్టర్లు) కూడా ఇప్పటివాటికంటే పెద్దవి, కొత్తవాటికి పట్టవు.

#20 నిర్వాహకుడు (9:30)

పాతబంగారం గారూ, ఇంకా సందేహాలుంటే విడిగా టాపిక్ పెట్టండి. ఇది గోదారిగట్టు గారి కోసం ఉంచుదాం.

#21 గోదారిగట్టు (మంగళవారం, రాత్రి 10:05)

విప్పానండి! చేతులు వణికాయి.

స్క్రూలు పది కనపడ్డాయి, తీశాను, మూత రాలేదు. తర్వాత తెలిసింది, వెనక రబ్బరు పట్టీ కింద ఇంకో రెండు దాక్కున్నాయి. పాత సిమ్ కార్డు వచ్చే ప్లాస్టిక్ పలక ఉంటుంది చూశారా, దాన్ని సందులో పెట్టి చుట్టూ లాగితే టక టక మని ఒక్కో లాకూ ఊడింది. అమ్మ వచ్చి చూసి "ఉన్నది కూడా పాడుచేసుకుంటావురా" అని ఒక ఆశీర్వాదం ఇచ్చి వెళ్లింది.

కార్డు స్లాట్‌లోనే ఉంది, ఒక్క స్క్రూతో. కానీ నల్ల వైరు ఒక్కటే ఉందండి. కార్డు మీద 1 అని రాసిన చోట దాన్ని నొక్కి పెట్టారు. 2 దగ్గర బొత్తామే లేదు, ఖాళీ. హింజ్ దాకా వెతికాను, టేపుల కింద కూడా చూశాను, రెండో వైరు ఎక్కడా లేదు. ఇప్పుడు ఏఎక్స్210 వేస్తే దండగేనా?

#22 సర్వీస్‌బల్ల (10:40)

దండగ కాదు గానీ సగమే లాభం. 1x1 కార్డు వేసిన మోడల్‌కి రెండో వైరు ఎందుకని మానేశారు, తయారీలో అదో పొదుపు. 210ని ఒక్క యాంటెన్నాతో పెట్టినా పనిచేస్తుంది, 5 గిగా వస్తుంది, కింద స్పీడు పెరుగుతుంది. కానీ మేడమీద మీకు కావలసింది రెండో చెవి.

సన్నటి ఫిల్మ్ యాంటెన్నా దొరుకుతుంది, వెనక జిగురు ఉంటుంది, వైరు చివర ఎంహెచ్ఎఫ్4 బొత్తాం ఉన్నదే అడగండి. కొంచెం పెద్దది ఐపెక్స్ అని ఇస్తారు, అది దీనికి పట్టదు. ధర రెండు మూడు వందలు. రెండు బ్యాండ్లకీ పనికొస్తుందని రాసి ఉండాలి. స్క్రీన్ విప్పి పైఅంచులో పెట్టడం మొదటిసారికి వద్దు, ప్యానెల్ పగిలితే ఏడు వేలు. చేతులు ఆనించే చోట కూడా వద్దు, అరచెయ్యి కప్పేస్తుంది. మీ మోడల్లో డీవీడీ డ్రైవు ఉందా?

#23 గోదారిగట్టు (10:48)

డ్రైవు లేదండి. ఆ చోట ఉత్త ప్లాస్టిక్ డబ్బా పెట్టారు.

#24 సర్వీస్‌బల్ల (10:55)

అదృష్టవంతులు. ఆ డబ్బాలోనే, బయటి అంచు వైపు అతికించండి. చుట్టూ ప్లాస్టిక్, బోర్డుకి దూరం, అంతకన్నా మంచి గది దానికి దొరకదు. స్క్రీన్‌లో ఉన్నది నిలువుగా, ఇది అడ్డంగా పడుతుంది, అదీ మంచిదే.

బొత్తాం పెట్టేటప్పుడు ఓపిక పట్టండి. గుండుసూది తలకంటే కొంచెం పెద్దదంతే. సరిగ్గా మీద పెట్టి, వేలి గోరుతో నిటారుగా ఒక్క నొక్కు. టిక్ మంటుంది. వంకరగా నొక్కితే అంచు నలుగుతుంది, ఇక ఆ వైరు పోయినట్టే. పెట్టి తీసి పెట్టి తీసి ఆడకండి, అవి కొన్నిసార్లకే వదులవుతాయి. అసలైన మాట మర్చిపోయా, ఏఎక్స్210 వైఫై డ్రైవరు, బ్లూటూత్ డ్రైవరు రెండూ ముందే పెన్‌డ్రైవ్‌లో దించి పెట్టుకోండి. కార్డు మార్చాక డ్రైవరు దించుకోవడానికి నెట్ ఉండదు కదా.

#25 మిరపకాయ (11:01)

ఆ చివరి ముక్క పోయినేడాది ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది.

#26 గోదారిగట్టు (తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:30)

రిపోర్టు.

కార్డు 1,750, ఫిల్మ్ యాంటెన్నా 240. మొదట్లో సర్వీస్‌బల్ల గారు కొలవమన్నట్టే ఒక్కో మార్పుకీ విడివిడిగా చూశాను.

మొదట కార్డు, రెండు యాంటెన్నాలతో, రూటర్ ఉన్నచోటే. కింద 5 గిగా పేరు కనపడింది! లింకు (అదే, రిసీవ్ రేట్) 867, స్పీడ్ టెస్ట్ 96. ఏడేళ్లుగా కడుతున్న బిల్లుకి మొదటిసారి న్యాయం జరిగింది. హుషారుగా మేడెక్కాను. 2.4లో సిగ్నల్ 34 నుంచి 41. అంతే. లింకు మాత్రం 13 నుంచి 52కి పెరిగింది, స్పీడ్ 19. 5 గిగా ఒక గీత కనపడి మాయమవుతోంది. నిజం చెప్పాలంటే కొంచెం నీరసం వచ్చింది.

తర్వాత రూటర్ యాంటెన్నాల్లో రెండు పడుకోబెట్టాను. 41 నుంచి 48. పైసా ఖర్చు లేకుండా, కార్డు ఎంత పెంచిందో అంతా పెరిగింది!

ఇక బీరువా. అమ్మ ససేమిరా అంది. ఈశాన్యమో నైరుతో, అది అక్కడే ఉండాలట. అయితే రూటర్‌నే జరుపుదామని ఫైబర్ వైరు చూస్తే మెట్ల గోడ దాకా మూడు మీటర్లు తక్కువ. ఆ వైరు లాగితే విరుగుతుందని భయం. అప్పుడు టీవీ దగ్గరి రూటర్‌ని కదపకుండా పదిమీటర్ల లాన్ కేబుల్ కొని, పాత రూటర్ అటక మీద ఉంటే దించి, మెట్ల మలుపులో గోడకి మేకు కొట్టి తగిలించాను. యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒకటుంది దాంట్లో, కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచుతుంది. పాతది పేరుకే పాతది, 5 గిగా ఉంది.

ఇప్పుడు బల్ల దగ్గర 5 గిగాలో సిగ్నల్ 58, లింకు 260 చుట్టూ తిరుగుతోంది, స్పీడ్ 90 పైనే. శుక్రవారం గంటన్నర మీటింగు అయింది, లీడ్ నోరు ఒక్కసారి కూడా తెరిచినట్టే ఆగిపోలేదు. అది మంచిదో కాదో వేరే సంగతి.

#27 టవర్‌తాతయ్య (1:10)

భేష్. అంకెలు రాసిపెట్టుకున్నావు చూడు, అది నాకు నచ్చింది. ఇకపై నువ్వు అని పిలుస్తాను. ఇంకో చిన్న పని. రెండు రూటర్ల 2.4 చానళ్లూ ఒకటే ఉంటే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఒకటి 1లో, ఇంకోటి 11లో పెట్టు. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు.

#28 లక్ష్మి_సిద్దిపేట (2:45)

అంటే ఆ పాత కార్డుతోనే మెట్ల మీద రూటర్ పెట్టి ఉంటే సరిపోయేదా?

#29 గోదారిగట్టు (3:20)

నాకూ ఆ అనుమానం వచ్చి నిన్న రాత్రి మళ్లీ విప్పి పాతది పెట్టి చూశాను మేడం (సర్వీస్‌బల్ల గారూ, తిట్టకండి, ఒక్కసారే). మేడమీద 2.4లో 66 శాతం, స్పీడ్ 33. మీటింగుకి దర్జాగా సరిపోయేది. ఫైళ్లు దించుకోవడానికి మాత్రం కొత్త కార్డే కావాలి. ముందే రూటర్‌ని మెట్లెక్కించి ఉంటే, కార్డు కొనే ముందు ఓ నెల ఆలోచించుకునేవాణ్ణేమో.

#30 సర్వీస్‌బల్ల (3:26)

తిట్టను గానీ ఆ బొత్తాం ఇంకోసారి ముట్టుకుంటే ఊరుకోను.

#31 మిరపకాయ (3:40)

పాత కార్డు పడేయకు అన్నా. మా మావయ్య ల్యాప్‌టాప్‌లో కార్డు పూర్తిగా పోయింది, ఆయన రూటర్ పక్కనే కుర్చీ వేసుకుని పేపర్ చదువుతాడు. ఆయనకి 38 చాలు. కొరియర్ ఖర్చు నాది.

#32 గోదారిగట్టు (3:52)

పంపుతానండి. అడ్రసు మెసేజ్‌లో పెట్టండి. ఆయన మిషన్‌లో వైట్‌లిస్ట్ లేదని మాత్రం ముందు చూసుకోండి.